అర మాత్ర

పాలు తాగే తమ్ముడికి చలిజ్వరం వస్తే మణుగూరు దవాఖానాకు ఎత్తుకెళ్లాం. పూటకు అర మాత్ర మించకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంటికొచ్చి అమ్మ కత్తిపీట మీద కోస్తే ఒక ముక్క పెద్దదైంది. మా ఇంట్లో మేకను కోసి వాటాలకు పోగులు పెట్టినా సరే, తరాజు చెప్పిందే మాట. నాన్న మిరపకాయలు తూచే తరాజు తెచ్చి, చెరో పళ్లెంలో చెరో ముక్క వేశాడు. ముల్లు కదల్లేదు.

"గీ ముక్క పెద్దగున్నది నాయినా," అన్నాను.

"తరాజు కంటే నీకెక్కువ తెలుసా? రెండూ సమానమే," అని కసిరాడు.

అమ్మ చేతికి ఆ పెద్ద ముక్కే వచ్చింది. తేనెలో అరగదీసి తమ్ముడికి నాకించింది. వాడు మింగాక ఆమెకేదో అనుమానం వచ్చింది. ఒక పళ్లెం ఖాళీగా ఉంచి, రెండో దాంట్లో కోయని ఇంకో నిండు మాత్ర వేసింది.

అప్పుడూ ముల్లు కదల్లేదు.