అత్త గదిలోకి పంపిన ఎండ

పాతపట్నం నుంచి మా బావ సింహాచలం రాసిన కార్డులో రెండే ముక్కలున్నాయి. "అమ్మకి చూపు పూర్తిగా పోయింది. బతికుండగా ఒక ఫోటో ఉండాలి, కెమెరా పట్టుకుని రా." వాళ్ళమ్మ నాకు మేనత్త. తల్లి పోయిన నన్ను రెండేళ్ళు సాకిన మనిషి. నేను విజయనగరంలో డ్రాయింగు మాస్టర్ని. సెకండ్‌హ్యాండు కెమెరా ఒకటి కొనుక్కుని నెలకో రీలు పాడుచేయడం నా సరదా. శనివారం సెలవు పెట్టి బయల్దేరాను.

ఉదయం ఆరింటి పాసింజరులో కిటికీ పక్కన చోటు దొరికింది, అదే పదివేలు. రీలుకి పన్నెండు ఫోటోలు. చీపురుపల్లి దాటేలోపే మూడు కొట్టేశాను. పొద్దుకి ఎదురు తిరిగి తీస్తే తాటిచెట్లు నల్లగా, ముచ్చటగా వస్తాయి. అదే పని మనుషులతో చేస్తే మొహాలు బొగ్గులవుతాయి. ఇది డబ్బు తగలేసి నేర్చుకున్న చదువు, మీరు ఊరికే తీసుకోండి.

శ్రీకాకుళం రోడ్డులో ఒక ముసలాయన ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. ఒక కంటి మీద ఆకుపచ్చ గుడ్డ వేలాడుతోంది. కిటికీ వెలుగు మొహానికి ఒక పక్కే పడుతోంది, రెండో పక్క చీకటి. పక్కనున్నాయన్ని బతిమాలి, ఆ చీకటివైపు నా తెల్ల తువ్వాలు పరిచి పట్టించాను. వెలుగు తువ్వాలు మీద పడి తిరిగొచ్చింది, నీడ కాస్త పలచబడింది. ఫోటో తీసి, కంటికి ఏమైందని అడిగాను.

"సుక్లం కోసినారు బాబూ. ముందర సీకటి గదిలో కూకోబెట్టి, బేటరీ లైటు ఎలిగించి, ఎలుగు ఎటేపు నుండి వస్తన్నాదో సెప్పమన్నాడు డాక్టరు. సెప్పినోల్లకి కోసినాడు. సెప్పలేనోల్లని ఇంటికి పంపీసినాడు."

నా ధ్యాసంతా తువ్వాలు మీదే ఉంది. ఊఁ కొట్టి ఊరుకున్నాను.

పదిన్నరకి నౌపడాలో దిగి, నీళ్ళ చట్నీతో నాలుగు ఇడ్లీలు తిన్నాను. ఇక్కడి నుంచి గుణుపురం వెళ్ళే చిన్న బండి ఎక్కాలి. పదకొండుంపావుకి కదిలింది. టెక్కలి దాటాక ఒక సైకిలాయన మా బండితో పందెం వేసుకుని గెలిచాడు కూడా. బొగ్గు నుసి కళ్ళలో పడుతుంది కనుక తల బయట పెట్టకండి, కెమెరా అసలే పెట్టకండి.

ఒంటిగంటన్నరకి పాతపట్నం. బావ స్టేషన్‌కి వచ్చాడు. ఇంటికెళ్ళి ఉలవచారుతో భోంచేశాక, అత్తేదని అడిగాను.

"గదిలోన ఉన్నాది," అంటూ తలుపు తీశాడు.

లోపల కటిక చీకటి. కిటికీకి గోనెపట్టా వేసి మేకులు కొట్టారు. మంచం మీద అత్త, కళ్ళకి నల్లగుడ్డ గంత.

"ఎన్నాళ్ళ నుంచి ఇలాగ?"

"పోయినేడు ఆసాడం నుండి. మసకలొస్తన్నాయంటే వైద్దుడికి సూపించినాం. పసరు పోసి, ఎలుగు తగలనీకండి అన్నాడు. నాలుగు నెల్లు పోనాక ఆయనే వచ్చి గంత ఇప్పి సూసినాడు. ఏటీ అగుపడనేదంది. మల్లా కట్టీసినాడు."

"ఎక్కడ చూశారు?"

"ఈ గదిలోనే."

చూపే పోయిందనుకున్నాక ఇంకా ఈ గంత ఎందుకని అడిగాను.

"పత్తెం ఎట్టినోడే ఇప్పాల కదా బావా. ఆయన ఏసంగిలో పోనాడు. ఇప్పమని సెప్పడానికి ఇంకెవులున్నారు?"

పధ్నాలుగు నెలలు! తెల్లారకముందే గంతతోనే పెరట్లోకి తీసుకెళ్ళి తెచ్చేవారట. బావ చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకుందును. రోజూ తన చేత్తో అన్నం కలిపి తల్లికి తినిపించే మనిషి. అందుకే నాకు మరీ భయం వేసింది.

"గంతతో ఫోటో ఏటిరా, ఇప్పండి," అంది అత్త. బావ తటపటాయించి, "పోనాయి కదా, ఇంకేటి సెడతాది," అని ముడి విప్పాడు.

గది గుమ్మం తూర్పుకి ఉంది, పొద్దేమో పడమటికి వాలింది. ఫ్లాష్ బల్బులు కొనే తాహతు నాకు లేదు. షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచుదామంటే ముసలిమనిషి కదలకుండా కూర్చోలేదు. రైల్లో పట్టించిన తువ్వాలు గుర్తొచ్చింది. పెద్ద ఇత్తడి పళ్ళెం చింతపండుతో తళతళా తోమించి, బావని వాకిట్లో నిలబెట్టి, ఎండని పట్టి లోపలికి పంపమన్నాను. పచ్చటి వెలుగు గోడ మీద పాకి పాకి అత్త మొహం మీద పడింది.

అత్త చప్పున చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఎవుల్రా దీపం ఎట్టినారు?"

అదిరిపడి మీట నొక్కేశాను. వాకిట్లో పళ్ళెం ఖంగుమని పడింది.

అప్పుడు గుర్తొచ్చింది రైల్లో ముసలాయన మాట. బావని తల్లి పక్కన కూర్చోబెట్టి, పళ్ళెం నేను తీసుకున్నాను. వెలుగుని ఆవిడ ఎడమకి తిప్పాను.

"అమ్మా, ఎటేపు ఉన్నాది?" బావ అడిగాడు.

"ఇటు."

కుడికి తిప్పాను. "ఇప్పుడిటు వచ్చినాది." పళ్ళెం దించేశాను. "తీసీసినారేటి?"

బావ మంచం పక్కనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మర్నాడు ఏడింటి బండికి ముగ్గురం బయల్దేరాం, విశాఖపట్నంలో కళ్ళ డాక్టరు దగ్గరికి. ఆయన ఏమంటాడో తెలీదు. వెలుగుకి తట్టుకోలేక అత్త తలమీద నా తువ్వాలు కప్పుకుంది. అయినా ఆగదు, అంచు ఎత్తి, "ఇది నీడ, ఇది ఎండ," అని చెట్టు దాటినప్పుడల్లా చెబుతూనే ఉంది. వెలుగు గురించి నాకేదో తెలుసని మూడేళ్ళుగా విర్రవీగాను. చూపు ఉందో లేదో వెలుగులోకి వచ్చి చూసుకోవాలన్న సంగతి ఒక ఇంటిల్లిపాదికీ తట్టకుండా పోతుందని మాత్రం ఎరగను.

టెక్కలి దగ్గర అత్త కొడుకుని పిలిచింది. "ఒరే సింహాచలం, నా గది గుమ్మం ఎటేపురా?"

బావ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

"తూరుపేపే అమ్మా. తలుపు తీస్తే పొద్దుటి ఎండ మంచం మీదికే వస్తాది."

అత్త తువ్వాలు అంచు కిందికి లాక్కుంది. రీలులో ఇంకా ఫోటోలు మిగిలే ఉన్నాయి. నౌపడా దాకా నేను కెమెరా పెట్టె తెరవలేదు.