సజ్జలు పీకిన ఇల్లు

మొన్న మా అల్లుడు తాండూరులో కొనబోతున్న ఇంటి వాల్యుయేషన్ రిపోర్టును ఫోన్లో చూపించాడు. ఇల్లు కాగ్నా ఏటి ఒడ్డునే, అయినా "వరద ముంపు" అన్న గడిలో "లేదు" అని ఉంది. రాసినవాడు వచ్చి చూశాడా అని అడిగితే, ఫోటోలు పంపితే రాసిచ్చాడని తాపీగా చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ వయసులో ఇంత కోపం పనికిరాదని మా ఆవిడ అంటుంది గానీ, ఇది ఇవాళ్టి కోపం కాదు.

డెబ్బయ్యో దశకం చివర్లో నేను వికారాబాదులో ఉంటూ, ఇళ్ళకు అప్పులిచ్చే ఒక సంఘం తరఫున ఇళ్ళు చూసి విలువ కట్టేవాణ్ణి. మా పక్కింటి ఉర్దూ టీచరమ్మ, నేను అక్కలా చూసి ఆపా అని పిలిచే మనిషి, తాండూరుకు బదిలీ అయి, మంచం దిగలేని తల్లితో అద్దె కొంపలు మారలేక, ఏటి దగ్గరి వాడలో ఒక ఇల్లు కొనుక్కోవాలనుకుంది. ఆ ఇల్లు చూసే పని నాకే పడింది.

ఇల్లు ముచ్చటగానే ఉంది. కానీ ప్రతి గదిలోనూ గోడకు బాగా ఎత్తున, మనిషి పడుకునేంత వెడల్పు నాపబండతో సజ్జ ఉంది; ఆ వాడలో ఏ ఇంట్లో చూసినా అంతే, బియ్యం డబ్బాలు, పెట్టెలు, పరుపులు అన్నీ దాని మీదే. ఎందుకని పొరుగింటి ముసలమ్మను అడిగితే, నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది.

"ఏరొస్తది గద సారూ, గప్పుడు మేం గూడ దాని మీదనే ఎక్కి కూసుంటం."

ఏరు ఇంట్లోకి వస్తుందని, సజ్జలే అందుకు సాక్ష్యమని రిపోర్టులో రాశాను. ఇల్లమ్మేవాడికి మా అధికారితో దోస్తీ; ఆ మాట కొట్టెయ్యమని అధికారి అన్నాడు, ససేమిరా అన్నాను. ఆపాకు స్వయంగా చెబితే, ఉన్న ఒక్క ఆశా చెడగొడుతున్నావని నాతో మాట్లాడడమే మానేసింది. అధికారి ఇంకొకణ్ణి పంపాడు. వాడు వచ్చేలోపు ఇల్లమ్మేవాడు సజ్జలన్నీ పీకించి సున్నం వేయించాడు. వచ్చినవాడు నున్నటి గోడలు చూసి వరద భయం లేదని రాసిచ్చాడు. ఛీ, అదీ ఒక రిపోర్టే!

దాని మీదే అప్పు వచ్చి, ఆపా ఆ ఇల్లు కొనుక్కుంది. ఆ మరుసటి వానాకాలం, పట్టపగలు, ఆపా బడిలో ఉండగా ఏరొచ్చింది. పొరుగింటి ముసలమ్మను ఆమె కొడుకులు సజ్జ ఎక్కించి, ఆపా తల్లి కోసం పరుగెత్తారు. ఎత్తారు, కానీ పెట్టడానికి ఆ ఇంట్లో చోటేదీ? తమ ఇంటికి మోసుకుపోదామని వాకిట్లోకి దిగేసరికి, నీళ్ళ వడి ఆ తల్లిని వాళ్ళ చేతుల్లోంచి లాక్కుపోయింది.

నేను వెళ్ళేసరికి ఆపా గోడ పక్కన నిలబడి ఉంది. సున్నం కరిగి, బండలు దూర్చిన కన్నాలు బయటపడ్డాయి.

"గా బండలన్న ఉంచుతే మా అమ్మీ బత్కుతుండె తమ్మీ."

మా అధికారి మాత్రం హాయిగా ప్రమోషన్ మీద వెళ్ళిపోయాడు.

ఆ వైపు తిరిగిన నా ఈడువాళ్ళకు ఆ సజ్జలు గుర్తుండే ఉంటాయి. ఈ కొత్త ఇంట్లో ఉన్నాయా అని అల్లుణ్ణి అడిగితే, ఇప్పుడెవరు పెట్టుకుంటున్నారు మామా అని నవ్వాడు. ఆ రోజుల్లో ఈ అబద్ధం రాయాలంటే కనీసం మేస్త్రీని పిలిపించి బండలు పీకించాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ శ్రమ కూడా లేదు. నా బిడ్డను ఆ ఇంట్లో అడుగు పెట్టనివ్వనని చెప్పేశాను. అల్లుడు ముఖం తిప్పుకున్నాడు, అచ్చం ఆనాటి ఆపాలాగే. తిప్పుకోనీ.