సగం కొండ

పుంగనూరు నుంచి కుప్పం వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన, నేను బొమ్మ గీసుకోవడం చూసి, తానూ లారీల మీద బొమ్మలు వేస్తానని చెప్పాడు.

"ఏం బొమ్మ ఏయాలో తోచకపోతే ఈ బస్సెక్కేవాణ్ణప్పా. ఈ కొండలు సూసి ఇంటికి పోతే చెయ్యి ఊరికే ఉండేది కాదు."

కాసేపటికి, క్వారీవాళ్లు సగం కోసేసిన కొండ ఒకటి కనిపించింది.

"నేను ఎక్కువసార్లు ఏసింది దీన్నే," అన్నాడు.

"ఇప్పుడేం వేస్తున్నారు?"

"బొమ్మలు చేతికి రావడం లేదప్పా. పేర్లు, నంబర్లు మటుకు రాస్తాండాను."

కోసేసిన సగం ఎలా ఉండేదో గీసి చూపమని పెన్సిల్ ఇచ్చాను. ఆయన దాన్ని కాగితం మీద ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"గుర్తుకు రాలేదప్పా," అంటూ తిరిగిచ్చేశాడు.

కుప్పం వచ్చేదాకా ఆయన మళ్లీ కిటికీ వైపు చూడలేదు.