యాదయ్య కూతురికి ఒక కథ

ఏటా దసరా సెలవులకి ముందు నేనొక జాబితా రాసి మా యూనివర్సిటీ లైబ్రరీ నోటీసు బోర్డుకి అంటిస్తాను. చదవాల్సిన ఫాంటసీ నవలలు, చూడాల్సిన యానిమేషన్ సినిమాలు. కొంచెం గర్వంగానే అంటిస్తాను.

ఈ రోజు లైబ్రరీ అటెండర్ యాదయ్య దాని ముందు నిలబడి ఉన్నాడు. వాళ్లావిడ మొన్న వేసవిలో పోయింది. ఎనిమిదేళ్ల కూతురికి చూపించడానికి ఇందులోంచి ఏదైనా చెప్పమన్నాడు.

"తల్లి సచ్చిపోయే కథ వద్దు మేడం."

జాబితా చూస్తే సగానికి పైగా కథల్లో అమ్మ మొదట్లోనే చనిపోతుంది. అమ్మని చంపకుండా పిల్లని గడప దాటించడం ఈ రాసేవాళ్లకి చేతకాదేమో. ఇన్నేళ్లలో నాకది తట్టనే లేదు. ఒక సినిమా పేరు చూపించి, ఇందులో తప్పిపోయిన అమ్మ చివర్లో తిరిగొస్తుందని చెప్పాను.

"అసోంటిది గూడ వద్దు మేడం. మొన్న ఒకటి సూసింది. అప్పటిసంది బడికెంచి రాంగనే దర్వాజ కాడ్నే కూసుంటున్నది."

సాయంత్రం తార్నాక బస్టాపులో కూర్చుని, ఫోన్లో ఉన్న జాబితాలో ఒక్కో పేరూ కొట్టేశాను. అమ్మ చనిపోని కథల్లో దూరమైన అమ్మ తిరిగొస్తుంది. ఏమీ మిగల్లేదు.

అమ్మ చనిపోకూడదు, పోయిన అమ్మ తిరిగి రాకూడదు. అలాంటి కథ మీకేదైనా తెలిస్తే కింద రాయండి. రేపటి నుంచి దసరా సెలవులు, ఆ పిల్లకి బడి కూడా ఉండదు.