తప్పు పేర్ల కవిగారు

మామగారు తన కవిత్వంలో ఏ వస్తువునూ దాని సొంత పేరుతో పిలవరు. కత్తెర గొడుగవుతుంది, దారం దువ్వెనవుతుంది, గుండీలు గుమ్మడికాయలవుతాయి. పోనీ ఇదేదో అలంకారం అని సరిపెట్టుకుందామంటే, దారానికీ దువ్వెనకూ పోలికేమిటో ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా కోడలికి అంతుపట్టలేదు.

ఆయనేమో బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్లు స్టోర్ కీపరుగా చేసిన మనిషి. "మూడంగుళాల బోల్టు" అనకుండా ఉత్త "బోల్టు" అని రాస్తే, ఆ కాగితం తిప్పి పంపేవారట. రిటైరయ్యాక లైబ్రరీలో పెద్దవాళ్లు పెట్టుకున్న "రోజుకో కవిత" పందెంలో చేరారు. మొదటివారం అంతా సవ్యంగానే ఉంది. స్పానర్ మీద రాస్తే అందులో స్పానరే ఉండేది. రెండోవారం నుంచే ఈ తిరకాసు.

"గొడుగుతో గుడ్డ కత్తిరించి, దువ్వెనను సూదిలోకెక్కించి, చొక్కాకు గుమ్మడికాయలు మూడు కుట్టి..." అని ఓ రోజు భోజనాల దగ్గర అందుకున్నారు.

"మామయ్యా, గొడుగుతో గుడ్డెలా తెగుతుంది?"

"తెగదు కదా!" ఆయన మొహం వెలిగిపోయింది. "కత్తెర అని సరిదిద్దాలని నాలుక దురద పెడుతోందా?"

"పెడుతోంది."

"అయితే కుదిరింది!"

ఏం కుదిరిందో ఆమెకు అర్థం కాలేదు. భర్తనడిగితే "ఈకాలం కవిత్వం అంతేలే" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

నాలుగోరోజు లైబ్రరీ నుంచి ఫోను. "అమ్మా, ఇంట్లో అంతా కులాసాయేనా? మీ మామగారు ఇస్త్రీపెట్టెను కాలితో తొక్కుతూ పైజమా కుట్టారు. కవితలోనే అనుకోండి. అయినా ఎందుకైనా మంచిదని చెబుతున్నా."

కోడలికి భయం పట్టుకుంది. మతి తప్పుతోందేమో! మర్నాడు పొద్దున్నే చెంచా ఎత్తి చూపించింది.

"మామయ్యా, ఇదేంటి?"

"చెంచా."

"మరి ఇది?"

"గ్లాసు. స్టీలుది, పావు లీటరు." ఆయన కళ్లజోడు సర్దుకుని ఆమెను పరకాయించి చూశారు. "నీ ఒంట్లో బాగానే ఉందా అమ్మా?"

ఇక లాభం లేదని, ఆ సాయంత్రం ఆయన కవితల పుస్తకం చంకనపెట్టుకుని బయల్దేరగానే వెనకే నడిచింది. ఆయన లైబ్రరీ వైపు తిరగలేదు. సందు చివర, పాత స్నేహితుడైన టైలరుగారి కొట్లోకి వెళ్లారు. మిషన్ మీద టైలరుగారి కూతురు కుడుతోంది. పక్కన కుర్చీలో టైలరుగారు, కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

మామగారు గొంతు సవరించుకున్నారు. "ఇస్త్రీపెట్టెను తొక్కుతూ పైజమా కుట్టాడు నా మిత్రుడు..."

టైలరుగారి మొహం జేవురించింది. "కా... కాదు! మిషన్! కుట్టు... మిషన్!"

"అలాగా? మరి గొడుగు?"

"క... కత్తెర! ఎన్నిసార్లు... చెప్పాలి నీకు!"

కోడలు తెల్లబోయి గుమ్మంలోనే ఆగిపోయింది. కూతురు లేచివచ్చి రహస్యంగా చెప్పింది. "పక్షవాతం వచ్చినప్పటినుంచీ నాన్న ఒకటనబోతే ఇంకోటి వస్తోందక్కా. కత్తెరనబోయి గొడుగు తెమ్మంటే ఎవరో నవ్వారు. దాంతో నోరే విప్పడం మానేశారు. డాక్టరు మాట్లాడించమన్నాడు. మేం ఎంత బతిమాలినా ఉలుకూ పలుకూ లేదు. ఆ తప్పుమాటలన్నీ నా దగ్గర అడిగి రాసుకెళ్లి, మీ మామయ్యగారు ఇలా కవితలు కడుతున్నారు. ఎదుటివాళ్ల తప్పు వింటే మాత్రం నాన్న ఊరుకోలేరు!"

అంతలో టైలరుగారు కోడలిని చూసి, ఎడమచేత్తో దగ్గరకు పిలిచారు. ఒక్కో మాటే కూడదీసుకున్నారు.

"అమ్మా... ఏమీ అనుకోకు. మీ మామయ్యకి... ఒక్క పేరూ... సరిగ్గా రాదు. రోజూ... పంపించు. నేను... నేర్పిస్తా."

మామగారు బుద్ధిమంతుడిలా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"తప్పకుండా పంపిస్తాను బాబాయిగారూ," అంది కోడలు నవ్వాపుకుంటూ. "కాస్త గట్టిగానే చెప్పండి. ఇంట్లో మా మాట వినడంలేదు."