ముందు కండ్లు

గల్ఫ్‌లోని బర్వా లేబర్ క్యాంపులో మా గదిలో ఉండే పెయింటరన్న, డ్యూటీ నుంచి రాగానే ప్లైవుడ్ ముక్కల మీద బొమ్మలు వేసేవాడు. ఎప్పుడూ ఎండకు మొహాలకు రుమాళ్ళు చుట్టుకున్న కూలీలే. "ముందు కండ్లు, తర్వాతనే బిల్డింగ్" అనేవాడు. ఆ కళ్ళను బట్టే ఎవరు ఎవరో గుర్తుపట్టేవాళ్ళం.

ఫుట్‌బాల్ ప్రపంచకప్పు దగ్గరపడుతోందని, మెస్‌లో పెట్టడానికి మా హైదరాబాదీ క్యాంప్ బాస్ మేం కట్టిన స్టేడియం బొమ్మ అడిగాడు. అన్న స్టేడియం వేసి, దాని ముందు మమ్మల్నందరినీ నిలబెట్టాడు.

"స్టేడియం ఒక్కటి చాలు. మనుషులెందుకు? తీసెయ్" అన్నాడు బాస్.

"మేం లేకుంటే అది ఏడికెల్లి వచ్చింది సార్?" అంటూ అన్న తెల్లరంగు డబ్బా తెరిచాడు.

మమ్మల్ని చెరిపేస్తాడనుకుని తలలు దించుకున్నాం. ఆయన స్టేడియం మొత్తం చెరిపేశాడు.

తెల్లటి చెక్క మీద మేం మాత్రం మిగిలాం, రుమాళ్ళ పైనుంచి మా కళ్ళు బాస్ వైపే చూస్తూ.