జీతం పెంచమంటే అడ్మిన్ చేసిన కంపెనీ

మా కంపెనీలో జీతం పెంచమని ఎవరైనా అడిగితే వాణ్ణి అడ్మిన్ చేసేవారు. ఇది రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు, బహ్రెయిన్‌లో, అస్కర్ దగ్గర అల్యూమినియం ఫ్యాక్టరీకి మనుషుల్ని పంపే ఒక కాంట్రాక్టు కంపెనీ సంగతి.

క్యాంపు ఆఫీసులో ఒక సర్వర్ ఉండేది. సెలవులు, డ్యూటీలు, బస్సులు, బియ్యం, పప్పు, అన్నీ దానిలోని సాఫ్ట్‌వేర్‌తోనే నడిచేవి. దాన్ని రాసినవాడు పెద్ద చదువు చదివినవాడే. కానీ ఆ మహానుభావుడికి తోచింది ఒకే ఒక్క ప్రశ్న: నువ్వు అడ్మిన్‌వా, కాదా? అవునంటే అన్ని తలుపులూ తెరుచుకుంటాయి. కాదంటే ఒక్కటీ తెరుచుకోదు. మెస్సులో బియ్యం బస్తా దిగిందని రాయాలన్నా అడ్మిన్ అయి ఉండాలి, ఇంకొకడి సెలవు రద్దు చేయాలన్నా అడ్మినే. ఉప్పు డబ్బా మూత తీయవలసినవాడి చేతికి బీరువా తాళం ఇస్తారా ఎవరైనా? వీళ్ళు ఇచ్చారు. ఇచ్చి, రాసినవాడు కెనడా వెళ్ళిపోయాడు. దాని ఆలనాపాలనా నా మెడకు చుట్టుకుంది.

నేను స్టోర్ కీపర్ని. కంప్యూటర్ నాకెవరూ నేర్పలేదు. ఈసా టౌన్ పాత సామాన్ల బజారులో అట్టలూడిన లావు పుస్తకాలు కొని, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. అర్థంకాని చోట పుస్తకాన్ని తిట్టి, మళ్ళీ చదివాను.

పని కోసం కొందరు, జీతం బదులు కొందరు అడ్మిన్లు అయ్యేసరికి క్యాంపులో ఎటు చూసినా అడ్మిన్లే. దాని ఫలితం మెస్సు భాయ్‌తో తెలిసివచ్చింది. ఆయన మాకు వంట చేసిపెట్టే హైదరాబాదు మనిషి. ఒకరోజు పురుగు పట్టిన పప్పును స్టాకులోంచి తీసేద్దామని కూర్చుని, వేరే పేజీలో ఉన్నది చూసుకోకుండా నొక్కి, నైట్ షిఫ్టు మొత్తాన్ని తీసేశాడు. ఆ తర్వాత ఎంతమందికి వండాలో అదే కంప్యూటర్లో చూసుకుని, నైట్ షిఫ్టు అంటూ ఎవరూ లేరు కనుక వాళ్ళకు వండలేదు. వాళ్ళు కంచాలు పట్టుకుని వస్తే, “మీరు లేరు భాయ్, చూడండి, కంప్యూటర్లనే లేరు” అని తలుపు దగ్గరే ఆపాడు. పురుగుల పప్పు మాత్రం స్టాకులో క్షేమంగా ఉంది.

ఇది నవ్వుకునే సంగతి. నవ్వలేనిది బస్సు డ్రైవరు సంగతి.

అతనిది ఆర్మూరు వైపు. ఊళ్ళో ఇల్లు కట్టుకున్నాడు. తలుపులు, కిటికీలు, రంగులు, అన్నీ అయ్యాయి. అతను వెళ్ళి గృహప్రవేశం చేయాలి. భార్యా, తల్లీ ఆ ఇంటికి ఎదురుగానే అద్దె గదిలో ఉంటూ, సొంత గుమ్మాన్ని రోజూ చూస్తున్నారు. సెలవుల సెక్షన్ రెండుసార్లు సెలవు ఇచ్చింది. రెండుసార్లూ ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జి దాన్ని కంప్యూటర్లో రద్దు చేశాడు. సెలవులతో ఆయనకేం సంబంధం అంటే, ఏమీ లేదు. ఆయన అడ్మిన్, అంతే.

“కాకా, అయ్యగారు ఇంకోపారి ముహూర్తం తీసిండు,” అని డ్రైవరు నా స్టోరు గుమ్మంలో నిలబడ్డాడు. “గిది గూడ తప్పితే ఇగ నా దగ్గరికి రావద్దన్నడంట. ఆయనకు మీద గ్రహాలున్నయి, నాకు ఈడ ఇన్‌ఛార్జి ఉన్నడు.”

ఇన్‌ఛార్జి గోదావరి జిల్లాల మనిషి. పిల్లల బడి కోసం ఈసా టౌన్‌లో కాపురం. విజిటింగ్ కార్డు మీద పేరు కింద ‘అడ్మిన్’ అని అచ్చు వేయించుకున్నాడు. పెద్ద బస్సు నడిపేవాళ్ళలో ఈ డ్రైవరొక్కడే ఓవర్‌టైం అంటే మొహం చిట్లించడు కనుక వదలడానికి ఆయనకు మనసొప్పదు. మెత్తగా ఉన్నవాణ్ణే తొక్కడం ఏం న్యాయమో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడు కొందరు అరుస్తారు. నేను సాఫ్ట్‌వేర్ విప్పాను. ప్రతి పేజీలో ‘ఇతను అడ్మినా?’ అని అడిగే చోటు వెతికి, తీసేసి, ‘ఈ పని ఇతనిదేనా?’ అని అడిగేలా మార్చుకుంటూ వచ్చాను. ఒక్కో పనికి ఒక్కో రోల్. మెస్సు రోల్ ఉన్నవాడు బియ్యం, పప్పు చూసుకుంటాడు. సెలవుల రోల్ ఉన్నవాడే సెలవు ఇవ్వాలన్నా తీయాలన్నా. ఇంకో రెండు మెలికలు కూడా పెట్టాను. క్యాంపులో ఎవరు అర్జీ పెట్టినా, అది ఎవరి రోల్‌కు సంబంధించినదో వాళ్ళ మొబైల్‌కు మెసేజ్ పోతుంది. కాదనేవాడు ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చుని కారణం రాయాలి. అవుననకుండా, కారణమూ రాయకుండా ఊరుకుంటే ఆ అర్జీ గంటగంటకూ మళ్ళీ మోగుతుంది. యజమానిని, అంటే మా కఫీల్‌ని, అడిగితే “ఖలాస్, చేసెయ్” అన్నాడు. ఆయనకు నేను చెప్పింది సగం కూడా అర్థం కాలేదు. నాకు కావలసింది ఆ ఒక్క మాటే.

ఇక చూడాలి క్యాంపు. మెస్సు భాయ్ గరిటెతోనే పరుగెత్తుకొచ్చాడు.

“చాచా, నా అడ్మిన్ తీసేస్తున్నరంట. నేనేం ఖసూర్ చేసిన?”

“నైట్ షిఫ్టును మాయం జేసినవ్.”

“ఒక్కసారే కదా. నా ససురాల్‌ల అందరికీ తెలుసు నేను అడ్మిన్ అని. ఇప్పుడు ఏం చెప్పాలె?”

“మెస్ మేనేజర్ అని చెప్పు. గట్లనే రాస్త కంప్యూటర్ల.”

మేనేజర్ అన్న మాట విని గరిటె దించి వెళ్ళాడు. మిగతా వాళ్ళనూ ఇలాగే ఏదో ఒక పేరు పెట్టి సర్దాను. ఇన్‌ఛార్జి దగ్గర మాత్రం ఇది సాగలేదు. వచ్చి, నా కుర్చీలోనే కూర్చున్నాడు.

“ఏంటండీ మాస్టారూ, అందరితో పాటు నన్నూ గంపగుత్తగా కిందికి దించేత్తారా? కార్డులు అచ్చేయించుకున్నానండి నేను.”

“దించుడు గాదు సార్. మీ పని ట్రాన్స్‌పోర్టు. ఆ రోల్ మీదే.”

“ఒక్క రోలా? మెస్సోడికీ ఒకటి, నాకూ ఒకటీనా? అయ్యన్నీ కుదరవండి. నాకన్నీ ఇచ్చెయ్యండి. లేదంటే కఫీల్ దగ్గరికెల్లి ఈ పనే ఆపించేత్తాను.”

సరే అన్నాను. ఉన్న రోల్స్ అన్నీ ఆయనకు పెట్టాను. ఆయన సంతోషంగా లేచి, నా భుజం తట్టి మరీ వెళ్ళాడు.

డ్రైవరుకు ఈ సంగతి తెలిసి ముఖం పాలిపోయింది. “గిదేంది కాకా? ఒక్క తాళంచెవి గుంజుకొమ్మంటే గుత్తి మొత్తం ఇస్తివి. నా సెలవు మల్ల ఆయన చేతులనే పెడ్తివి.”

“నీ అర్జీ ఇయ్యాల్నే పెట్టు కొడుకా. పెట్టి, జర సూడు,” అన్నాను.

మొదటిరోజు ఇన్‌ఛార్జి మొబైల్ ఉల్లిగడ్డలు అయిపోయాయని మోగింది. తర్వాత మూడో బ్లాకులో కుళాయి కారుతోందని మోగింది. చెప్పులు పోయాయని ఒకడు, ఫ్యాన్ కిర్రుమంటోందని ఒకడు. ఆయన జవాబివ్వలేదు కనుక గంటకోసారి అన్నీ మళ్ళీ మోగాయి. మర్నాడు వచ్చి, “మాస్టారూ, ఆ ఉల్లిపాయలొకటి తీసెయ్యండి” అన్నాడు. తీశాను. తర్వాత కుళాయిలు, ఆ తర్వాత ఫ్యాన్లు, చెప్పులు తీయించుకున్నాడు. సెలవుల రోల్ మాత్రం వదల్లేదు. డ్రైవరు అర్జీకి అవునూ అనలేదు, కాదూ అనలేదు. మోగనిచ్చాడు. ఇచ్చినా ఆయన మళ్ళీ తీసేస్తాడని సెలవుల సెక్షన్ కూడా దాన్ని ముట్టుకోలేదు.

డ్రైవరు మెత్తని మనిషే గానీ తెలివితక్కువవాడు కాదు. రోజూ బస్సులో మనుషుల్ని ఎక్కించుకునేవాడు కదా, దారి పొడవునా ఒకటే మాట చెప్పాడట: “అన్నా, సెలవుకు ఊకెనే ఒక అర్జీ పెట్టి చూడు, ఏంబోతది?” శుక్రవారం సెలవు కదా, క్యాంపంతా కంప్యూటర్ ముందు వరుస కట్టింది. ఇన్‌ఛార్జి ఆ మధ్యాహ్నం భార్యాపిల్లలతో అద్లియాలో హోటల్లో ఉన్నాడు. బిర్యానీ రాకముందే మొబైల్ మొదలుపెట్టింది, వచ్చాకా ఆగలేదు. ఆపేద్దామంటే, కఫీల్ ఫోను వచ్చేది కూడా దానికే. ఒకడు మరదలి పెళ్ళి అంటాడు, ఒకడు పన్ను పీకించుకోవాలంటాడు, ఒకడైతే ఏ కారణమూ లేదు, ఇంటి మీద ధ్యాస మళ్ళింది అని నిజం రాశాడు. కాదనాలంటే అస్కర్ దాకా వచ్చి ఒక్కొక్కరికీ కారణం రాయాలి. భార్య ఏమన్నదో నాకు తెలియదు గానీ, ఫోను చేసినప్పుడు ఆయన గొంతు చాలా చిన్నదైపోయింది.

“మాస్టారూ, ఆ సెలవులు గూడా తీసెయ్యండి. సెలవుల సెక్షనోళ్ళకే ఇచ్చెయ్యండి బాబూ.”

“అన్నీ పోతయి సార్. తర్వాత ఏమనొద్దు.”

“అననండి. నాకేదీ వద్దు. ట్రాన్స్‌పోర్టొక్కటి ఉంచండి, చాలు.”

మర్నాడు సెలవుల సెక్షన్ ఊరికే పెట్టిన అర్జీలన్నీ పక్కన పడేసి, డ్రైవరుకు సెలవు ఇచ్చింది. ఈసారి దాన్ని తీసే మనిషి క్యాంపులో లేడు. కఫీల్ పాస్‌పోర్టు తీసి ఇచ్చాడు. అతను విమానం ఎక్కాడు.

ఆ మర్నాడు పొద్దున్నే బస్సు తీసేవాడు లేడు. వేరేవాళ్ళను అడిగితే ఒకడికి నడుం నొప్పి, ఒకడికి కళ్ళు మసక. ఫ్యాక్టరీ డ్యూటీకి మనుషులు వెళ్ళకపోతే కఫీల్ ఊరుకోడు. ఇన్‌ఛార్జికి పెద్ద బండి లైసెన్సు ఉంది, ఒకప్పుడు ఆయనా డ్రైవరే. నల్లద్దాలు పెట్టుకుని, స్టీరింగు ముందు కూర్చున్నాడు. వెనక బస్సు నిండా జనం.

“సార్, యల్లా. డ్యూటీ టైం అయితున్నది.”

“ఉండండ్రా బాబూ, గేరెక్కడుందో చూసుకోనివ్వండి.”

గేటు దాకా వెళ్ళాడు. వాచ్‌మన్ కంప్యూటర్లో చూసి గేటు తెరవనన్నాడు. బస్సు నడిపే పని ఈ మనిషిది కాదని వస్తోందట. ట్రాన్స్‌పోర్ట్ రోల్‌కు బస్సులను పంపే అధికారమే ఉంది, నడిపేది డ్రైవరు రోల్. వెనక జనం హారన్ కొట్టమని అరుస్తున్నారు. ఆయన బస్సు దిగి, నల్లద్దాలు తీసి, నా స్టోరుకు నడుచుకుంటూ వచ్చాడు.

“మాస్టారూ, నాకు డ్రైవర్ రోలొకటి ఇయ్యండి.”

ఇచ్చాను. డ్రైవరు తిరిగి వచ్చేదాకా చెల్లేటట్టు పెట్టి, ఆయన ఎదురుగానే నొక్కాను.